నెల్లూరులో మిద్దె మీద సోలార్: కొన్నాళ్లు వాడాక నా సమీక్ష

మా ఇల్లు నెల్లూరు వేదాయపాళెంలో ఉంది. 2024లో మిద్దె మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్ల సోలార్, పెట్టించాము. ఆ తరువాత వేసవి ఎండలనూ ఈశాన్య వానలనూ చూసిన అనుభవంతో ఇది రాస్తున్నాను. పరికరం పనితనం మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. అయితే అమ్మేటప్పుడు చెప్పే మాటలకూ మిద్దె మీద అది చేసే పనికీ చాలా తేడా ఉంది. ‘ఇకమీదట బిల్లు రాదు, ఇంట్లో కరెంటు పోదు’ అన్న రెండు మాటలూ నమ్మి పెట్టించుకునేవారికి నిరాశ తప్పదు.

ఖర్చు సంగతి త్వరగా ముగిస్తాను. కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరి 29న 75,021 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, 3 కిలోవాట్లూ ఆపైన ఎంత పెట్టినా 78,000 రూపాయలు రాయితీగా వస్తాయి. మాకు రెండు లక్షల లోపే అయింది. ముందు మొత్తం మనమే కట్టాలి, రాయితీ తరువాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. రాయితీ కావాలంటే ప్యానెలే కాక దానిలోని సెల్ (వెలుగును కరెంటుగా మార్చే పలక) కూడా మన దేశంలో తయారై ఉండాలన్న నిబంధన ఉంది కనుక, బయట చవకగా దొరికే ప్యానెళ్ల ధరతో పోల్చి వ్యాపారి మోసం చేస్తున్నాడనుకోవడం సరికాదు.

నెల్లూరు ఎండకు సోలార్ బ్రహ్మాండంగా పనిచేస్తుందని అందరూ అనుకుంటారు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో యూనిట్లు కుప్పలుగా వస్తాయనుకున్న మా పక్కింటాయన నా ఫోన్‌లోని లెక్కలు చూసి నమ్మలేదు. మాకు బాగా దిగుబడి వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. 540 వాట్లన్న అంకె, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలుగా ఉండి చదరపు మీటరుకు 1,000 వాట్ల కాంతి పడినప్పుడు ప్రయోగశాలలో తేల్చినది. సెల్ ఒక్కో డిగ్రీ వేడెక్కే కొద్దీ మాలాంటి ప్యానెళ్లలో ఉత్పత్తి సుమారు 0.35 శాతం చొప్పున పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం సెల్ ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరడం మామూలే కనుక 14 శాతం అక్కడే పోతుంది. పైగా నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల, ఏప్రిల్ చివర నడినెత్తికి వచ్చే సూర్యుడు ఆగస్టు మధ్య వరకు మిట్టమధ్యాహ్నం మనకు ఉత్తరం వైపే ఉంటాడు, ప్యానెళ్లేమో దక్షిణానికి వాలి ఉంటాయి. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చాలు, మాకు ముసురే. మంచి రోజున 14 యూనిట్లు దాటించే ప్యానెళ్లు అలాంటి రోజున రెండు మూడు యూనిట్లతో సరిపెడతాయి. ఏడాది మొత్తం మీద రోజుకు 12 యూనిట్లన్నది మా ఇంటికి న్యాయమైన లెక్క. ‘మీ ఊళ్లో ఎండకేం కొదవ, రోజుకు 18 యూనిట్లు ఖాయం’ అని ఎవరైనా చెబితే వారు ప్యానెళ్లు అమ్మేవారని గ్రహించాలి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. ఈ సంగతి సంతకాలు పెట్టేదాకా మాకు ఎవరూ చెప్పలేదు, తరువాత మా వీధిలో పెట్టించుకున్నవారిలోనూ చాలామందికి తెలియదు. నెత్తిన ఎండ మండుతున్నా, ప్యానెళ్లు సిద్ధంగా ఉన్నా, వీధి లైనులో సరఫరా లేకపోతే సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చే కరెంటుగా మార్చే పెట్టె) తనంతట తాను ఆగిపోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. లైన్‌మన్ ఎల్‌సీ (సరఫరా ఆపించి లైను మీద పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) తీసుకుని, లైనులో కరెంటు లేదన్న నమ్మకంతో స్తంభమెక్కి తీగ పట్టుకున్నప్పుడు మన మిద్దె మీది కరెంటు అదే తీగలోకి వెళితే అతని ప్రాణం పోతుంది. కాబట్టి ఈ ఏర్పాటును నేను పూర్తిగా సమర్థిస్తాను. కాకపోతే కొనేవారికి ఆ విషయం ముందే చెప్పాలి. గాలివానకు కరెంటు పోయిన రాత్రుల్లో మమ్మల్ని ఆదుకున్నది సోలార్ కాదు, హాల్లో మూలనున్న పాత ఇన్వర్టరూ దాని బ్యాటరీయే.

రెండో చిక్కు మధ్యాహ్నపు వోల్టేజీ. మా ట్రాన్స్‌ఫార్మర్ కింద మరికొన్ని ఇళ్లవారు సోలార్ పెట్టించుకున్నాక, ఎండ బాగా ఉన్న వేళలోనే మా ఇన్వర్టర్ ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ మొదలై, మళ్లీ ఆగడం మొదలుపెట్టింది. పెట్టించిన సంస్థ మనిషి వచ్చి ప్యానెళ్లు కడగమని సలహా ఇచ్చి వెళ్లాడు. అసలు కారణం ఇన్వర్టర్ తెరమీదే కనిపించింది: పదకొండున్నర ప్రాంతంలో వోల్టేజీ 248, 253 అంటూ ఎక్కి 260 దాటగానే ఎర్ర దీపం వెలిగేది. అందరి మిద్దెల మీదినుంచీ కరెంటు ఒకేసారి లైనులోకి వస్తూ, వాడేవారు తక్కువైనప్పుడు వోల్టేజీ అలా పెరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీని కొంత పెంచే, తగ్గించే అమరిక) మార్చిన తరువాత ఆ బాధ చాలావరకు తగ్గింది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో పట్టపగలు కరెంటు పోయినప్పుడు, సోలార్ వల్లేనని కొందరూ కాదని కొందరూ వాదించుకున్నారు. ఐరోపా నిపుణుల బృందం విచారణలో బయటపడింది కూడా అదుపు తప్పి పెరిగిన వోల్టేజీయే. మా వీధి సంగతి చూశాక ఆ వాదన నాకు బాగా అర్థమైంది. సోలార్ ఎంత పెరిగిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. దానికి తగినట్టు వోల్టేజీని అదుపు చేసే ఏర్పాటు లైన్లలో ఉందా అన్నది చూడాలి. ఇళ్ల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకుని పథకాలు పరుగెడుతుంటే ట్రాన్స్‌ఫార్మర్ల గురించి అడిగే నాథుడు కనబడడు.

ఇక డబ్బు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన టారిఫ్‌లో ఇళ్లకు మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, తరువాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. వేసవిలో ఏసీలతో నెలకు 500 యూనిట్లు కాల్చే ఇంటికి ఒక్క కరెంటు ఖర్చే 3,523 రూపాయలవుతుంది. సోలార్ 360 యూనిట్లు ఇచ్చి, వాడినవాటిలోంచి అవి తీసివేయగా మిగిలిన 140కే బిల్లు వస్తే అది 507 రూపాయలకు దిగుతుంది. సోలార్ కోసేది ముందుగా పై స్లాబుల్లోని ఖరీదైన యూనిట్లనే కాబట్టి ఆదా నెలకు 3,000 దాటుతుంది. అదే నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి మొత్తం ఖర్చే 867 రూపాయలు, అంతకు మించి ఆదా చేయడానికి అక్కడ ఏమీ లేదు. 75 యూనిట్లలోపు వాడే ఇంటి ఖర్చు 192 రూపాయలు మించదు. ఒకే ప్యానెళ్లు, ఒకే రాయితీ, కానీ ఎక్కువ కాల్చే ఇంటికే ఎక్కువ లాభం. మేము లాభపడ్డ వర్గంలోనే ఉన్నాము, అయినా ఇది న్యాయమని చెప్పలేను. మధ్యాహ్నం మేము లైనులోకి పంపిన యూనిట్‌ను రాత్రి తిరిగి తీసుకుంటున్నామంటే, లైన్లనూ రాత్రి కరెంటునూ నిలబెట్టే ఖర్చులో మా వాటాను సోలార్ లేని ఇళ్లవారు కొంత మోస్తున్నారన్న వాదనలో నిజం ఉంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్లపై 2 కిలోవాట్ల సోలార్‌ను ఉచితంగా పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం ఈ అసమానతను కొంతైనా సరిచేస్తుందని నా అభిప్రాయం. అన్నట్టు, ఫిక్స్‌డ్ చార్జీలూ కస్టమర్ చార్జీలూ సోలార్ ఉన్నా పోవు. బిల్లు సున్నా అవుతుందనుకోవద్దు.

సాయంత్రం ఆరు దాటాక మా ఇంట్లో వెలిగే దీపానికి కరెంటు మిద్దె మీదినుంచి రాదు. మా జిల్లాలోనే ముత్తుకూరు మండలం నేలటూరులో మూడు 800 మెగావాట్ల యూనిట్లతో బొగ్గు మీద నడిచే దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. రాత్రి గ్రిడ్‌ను మోసేది అలాంటి కేంద్రాలే. ఈ లెక్క ఇక ముందు బిల్లులోనూ కనిపించబోతోంది. కేంద్రం 2023 జూన్‌లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం పగటి సోలార్ వేళల్లో కరెంటు ధర మామూలు కంటే తక్కువగా, రద్దీ వేళల్లో ఎక్కువగా ఉండాలి. ఏ వేళలో ఎంత వాడామో లెక్కగట్టే స్మార్ట్ మీటర్ల మీద ఊరూరా సాగిన వాదన ఎక్కువగా మీటరు ఖరీదు చుట్టూ, అది వేగంగా తిరుగుతుందన్న అనుమానం చుట్టూ తిరిగింది. సోలార్ ఉన్న ఇంటికి అసలు ప్రశ్న వేరు: మధ్యాహ్నం నేను పంపే యూనిట్‌ను రాత్రి తీసుకునే యూనిట్‌తో సమానంగా లెక్కగడతారా, గట్టరా? సమానం కాదన్న రోజున పైన చెప్పిన నా ఆదా లెక్క మొత్తం మారిపోతుంది. అందుకే మా ఇంట్లో మోటారు, వాషింగ్ మెషీన్, ఇడ్లీ పిండి గ్రైండర్ అన్నీ పదకొండుకూ రెండుకూ మధ్యకు మారాయి. ఈ మార్పు చేయించింది మా అత్తగారు, నేను కాదు. ఆకాశం చూసి గ్రైండర్ వేసే వేళ నిర్ణయించడం ఆవిడకు బాగా అలవాటైంది.

ప్యానెళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయన్నదీ ఈ జిల్లావారికి దూరపు విషయం కాదు. ప్యానెళ్ల తయారీలోని ప్రతి దశలోనూ చైనా వాటా 80 శాతం మించిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లోనే చెప్పింది. ఇక్కడే తయారు చేసుకోవాలంటే ఫ్యాక్టరీలు కావాలి, వాటికి భూమి కావాలి. ఉలవపాడు మండలం కరేడులో అలాంటి ఫ్యాక్టరీకి వేల ఎకరాలు సేకరించబోతే 2025లో రైతులు జాతీయ రహదారి మీదికి వచ్చారు. ఏటా పంట తీసే నేల అది. శుభ్రమైన కరెంటన్న పేరు చెప్పి వారి అభ్యంతరాన్ని అభివృద్ధికి అడ్డుగా చూపడం నాకు నచ్చలేదు, మిద్దె మీద సోలార్ పెట్టుకున్నవాడిగా మరీ నచ్చలేదు. కాలం తీరిన ప్యానెళ్ల విషయానికొస్తే, 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు వాటిని 2034-35 వరకు నిల్వ చేయమని తయారీదారులకు చెప్పాయి. మా వీధిలో పగిలిన ఒక ప్యానెల్‌ను మాత్రం పాత ఇనుప సామాన్ల బండివాడు అల్యూమినియం చట్రం కోసం తూకానికి తీసుకుపోయాడు.

నిర్వహణ గురించి రెండు మాటలు. ప్యానెళ్లను బోరు నీళ్లతో కడగవద్దు. మా ప్రాంతపు బోరు నీరు ఆరితే అద్దం మీద తెల్లటి పొర పేరుకుంటుంది, దాన్ని గీకితే అద్దమే పాడవుతుంది. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు, మంచినీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడిస్తే చాలు. నీడ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పక్కింటి కొబ్బరిమట్ట నీడ ఒక ప్యానెల్ మీద చారలా పడినా, ఆ ప్యానెల్‌లో మూడో వంతు ఒక్కసారిగా పనిచేయడం మానుతుంది, ఎందుకంటే లోపల సెల్‌లను మూడు వరుసలుగా కలిపి నీడ పడిన వరుసను పక్కకు తప్పించేందుకు ఒక్కో వరుసకు ఒక్కో డయోడ్ పెడతారు. సముద్రపు గాలి తగిలే కావలి, కోట ప్రాంతాలవారు ఇనుప చట్రానికి వేసిన జింకు పూత ఎంత మందమో కాగితం మీద రాయించుకోవాలి. ఇన్వర్టర్‌ను ఎండ తగలని గోడకు పెట్టించాలి.

నెలకు 300 యూనిట్లు దాటే, పగలు ఇంట్లో మనుషులుండే, దక్షిణాన నీడ లేని మిద్దె ఉన్న కుటుంబానికి ఇది పెట్టించుకోమని నిస్సంకోచంగా చెబుతాను. 150 లోపు వాడేవారు సొంత డబ్బుతో తొందరపడనవసరం లేదు. మేము లిథియం బ్యాటరీ చేర్చాలా అని ఆలోచించి, ఇప్పటి ధరకు గిట్టుబాటు కాదని ఆగాము. పగటి యూనిట్‌కూ రాత్రి యూనిట్‌కూ వేరు వేరు ధరలు ఇళ్లకు కూడా వచ్చిన నాడు మళ్లీ లెక్క కడతాము.