మూడేళ్లు వాడిన యూనివర్సల్ అడాప్టర్: విమానం దిగిన వారం దేవుడు, ఆ తర్వాత సంగతి వేరు

డిగ్రీకి బ్రిటన్ బయలుదేరిన రోజు, ఎయిర్‌పోర్టులో ఆఖరి నిమిషంలో కొన్నాను దీన్ని. సబ్బుపెట్టెంత ఉంటుంది. పక్కనున్న మీట జరిపితే ఒక్కో దేశం పిన్నులు బయటికొస్తాయి, ముందు వైపు రెండు యూఎస్‌బీ పోర్టులు. మూడేళ్లయింది, మధ్యలో ఒక సెమిస్టర్ జర్మనీలో కూడా నాతోనే తిరిగింది.

ముందు మంచి చెప్పాలి. హాస్టల్లో దిగిన రాత్రి ఫోన్లో 4 శాతం చార్జింగ్ ఉంది, క్షేమంగా చేరానని ఇంట్లో చెప్పాలి. అక్కడి సాకెట్‌లో మూడూ పలక రంధ్రాలే. పైనుండే ఎర్త్ పిన్ను లోపలికెళ్తేనే కింది రెండింటి మూతలు తెరుచుకుంటాయి. నా ఛార్జర్ ఏం చేసినా దూరలేదు. ఈ డబ్బా లేకపోతే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఆ వారమంతా «అడాప్టర్ ఉందా?» అంటూ తలుపు కొట్టినవాళ్లే. అక్కడ నాకు మొదట పరిచయమైన నలుగురూ అలా వచ్చినవాళ్లే.

వాళ్లలో అమెరికా నుంచి వచ్చిన అమ్మాయి హెయిర్ డ్రయర్ తెచ్చింది. ప్లగ్గు చక్కగా కూర్చుంది, స్విచ్ వేసిన కాసేపటికి కాలిన వాసన. అమెరికాలో 120 వోల్టులు, బ్రిటన్‌లో 230. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజీని మార్చదని మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఫోను, లాప్‌టాప్ ఛార్జర్ల మీద చీమ తలకాయంత అక్షరాల్లో 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంటుంది కాబట్టి వాటికి బెంగలేదు. వేడెక్కే వస్తువులు మాత్రం దిగాక అక్కడే కొనుక్కోండి.

ఇక నా అసలు గొడవ. చార్జింగ్‌లో పెట్టి లాప్‌టాప్ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జిల్లుమనేది. వేలితో రాస్తే లోహం నున్నగా కాక గరుకుగా తగిలేది. కొన్నాళ్లు లాప్‌టాప్ పాడైందనే అనుకున్నాను. చూస్తే, ఈ అడాప్టర్‌లో ఎర్త్ పిన్ను ఉత్త ప్లాస్టిక్. మూతలు తెరవడానికే ఉంది, ఎర్తింగ్ లోపలి నుంచి రాదు. ఛార్జర్‌లోంచి లీకయ్యే కాస్త కరెంటుకి పోయే దారి లేక నా చేతి మీదుగా పోతోందన్నమాట. ప్రాణానికి ప్రమాదం కాకపోవచ్చు గానీ, అసైన్‌మెంట్ రాస్తూ రాత్రంతా ఆ జిల్లు భరించడం చికాకే.

దీని సైజూ బరువూ ఇంకో తలనొప్పి. లైబ్రరీలో జంట సాకెట్‌లో పెడితే పక్క సాకెట్‌ని కూడా మూసేస్తుంది, పక్క కుర్చీవాళ్ల చూపులు మనమే భరించాలి. జర్మనీలో మరీ అన్యాయం. అక్కడి సాకెట్ గోడలోకి గుండ్రటి గుంటలా ఉంటుంది. ఈ పలక డబ్బా ఆ గుంటలోకి దిగదు, అంచు మీద వేలాడుతుంది. ఓసారి పొద్దున్న లేచేసరికి కింద పడుంది, లాప్‌టాప్‌లో చార్జింగ్ సున్నా, తొమ్మిదింటికి ప్రజెంటేషన్.

ఆ రోజు సాయంత్రమే చేశాను, మొదటి వారంలోనే చేయాల్సిన పని. లాప్‌టాప్ ఛార్జర్‌కి గోడ వైపు తీగ ఊడొస్తుంది. ఊడిన చోట మూడు గుండ్రాలు కలిసినట్టుండే ఆ సాకెట్‌ని మిక్కీ మౌస్ అంటారు, చాలా దేశాల్లో అదే. అక్కడి ప్లగ్గున్న తీగ ఒక్కటి కొని తగిలించాను. ఎర్తింగ్ వచ్చింది, జిల్లు పోయింది, గోడ నుంచి ఊడటం లేదు. బ్రిటన్ తిరిగొచ్చాక అక్కడికీ ఒకటి కొన్నాను. ఛార్జర్ నేరుగా గోడకే తగిలే రకమైతే ఈ ఉపాయం పనిచేయదు, ముందు చూసుకోండి.

అడాప్టర్ని పారేయలేదు. మంచం పక్కన ఫోన్ చార్జింగ్ దానిదే. ఎడమ పోర్టు వదులైంది, కేబుల్ కింద మడతపెట్టిన బస్ టికెట్ దూరిస్తే గానీ ఎక్కదు.