సూర్యారావుపేట ల్యాబ్‌లో ట్రోపోనిన్ పరీక్ష: కిడ్నీ రోగుల కోసం

విజయవాడ సూర్యారావుపేటలోని ఈ ల్యాబ్‌లో రక్తం తీసే పద్ధతి నిజంగా బాగుంది. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతిని ముట్టుకోరు, రెండో చేతి నుంచే తీస్తారు. ట్యూబు మీద టైము రాస్తారు. అది చాలా ముఖ్యం, గంటల తేడాతో అంకె ఎంత మారిందో చూడాలి కాబట్టి. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో గుండెపోటు లేకపోయినా ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్) తరచూ ఎక్కువగానే ఉంటుంది, ఒక్క అంకెతో ఏదీ తేలదు. మొదట లీటరుకు 60 నానోగ్రాములు, మూడు గంటలకు 62 వస్తే పాత పెరుగుదలే కావచ్చు. అదే 95కి ఎగబాకితే గుండెకు అప్పుడే దెబ్బ తగులుతోందని అనుమానించాలి. ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ల్యాబ్‌కి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

రిపోర్టు దగ్గరే తేడా. ట్రోపోనిన్ టీ 14 దాటగానే ఎర్రక్షరాల్లో ‘హై’ అని వేసి వదిలేస్తారు. కిందటిసారి అంకె పక్కన ఉండదు. డయాలసిస్ రోగి ఇంట్లోవాళ్లు ఆ ఎరుపు చూసి బెంబేలెత్తిపోతారు, పాపం. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి. ట్రోపోనిన్ ఐ, టీ రెండూ వేర్వేరు రకాలు, ఒకదాని అంకెను ఇంకోదానితో పోల్చకూడదు. మామూలు చెకప్‌కైతే ప్రతిసారీ డయాలసిస్‌కి ముందే శాంపిల్ ఇవ్వండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే మీరే చెప్పండి, కొన్ని కిట్లలో ఫలితం తప్పుతుంది. కౌంటర్‌లో ఆ ప్రశ్న అడగరు.