జాగ్రత్త: 25 కిలోలు మోస్తుందన్న క్యారియర్ 14 కిలోలకే విరిగింది

సైకిల్ టూర్ కోసం వెనక క్యారియర్ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. 'టూరింగ్ స్పెషల్, అల్యూమినియం, 25 కిలోల సామర్థ్యం' అని ఆన్‌లైన్‌లో అమ్మిన నల్ల రంగు క్యారియర్ ఒకటి మా దూర ప్రయాణం ఆఖరి రోజున వాలులో దిగుతుండగా విరిగింది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు, అచ్చం అలాంటి సరుకే వేరే వేరే పేర్లతో కనిపిస్తోంది.

ఆ రోజు పొద్దున్నుంచీ వెనక నుంచి టిక్ టిక్‌మని చప్పుడు. ఆగి చూశాం. బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి, చక్రం సాఫీగానే తిరుగుతోంది. పెడల్ బేరింగ్ అయ్యుంటుందని తేల్చేశారు మావాళ్లు. అసలు పగులు బ్యాగు వెనకాల దాక్కుంది, బ్యాగు తీస్తే తప్ప కనపడదు. మధ్యాహ్నం దాటాక పెద్ద వాలు వచ్చింది, దాని మధ్యలో కంకర తేలిన ముక్క. నా వెనక వస్తున్న స్నేహితుడు ఒక్కసారిగా "ఒరేయ్, ఆపరా! బ్యాగు చక్రంలోకి పోతోంది!" అని అరిచాడు. అప్పటికే ఎడమ బ్యాగు లోపలికి ఒరిగి స్పోకులకు రాసుకుంటోంది. ఒక స్పోకు వంగింది, బ్యాగు అడుగు చిరిగింది. బ్యాగు కింది కొక్కెం స్పోకుల మధ్య ఇరుక్కుంటే మాత్రం చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోయేది, ఆ వేగంలో నేను ఎక్కడ పడేవాణ్ణో తెలీదు.

విరిగింది క్యారియర్ ఎడమ కాలు, ఫ్రేముకు బోల్టు పడే చెవికి వెంట్రుకవాసి పైన, వెల్డింగ్ అంచున. ఆ విరిగిన ముఖాన్ని అందరం దగ్గరగా పెట్టుకుని చూశాం. గొట్టం చుట్టులో సగానికి పైగా మట్టిపట్టి నల్లబడి, నున్నగా ఉంది. మిగతా ముక్క మాత్రం కొత్తగా, గరుకుగా, తళతళా మెరుస్తోంది. అంటే ఆ నల్లటి భాగం ఎప్పుడో విడిపోయి, దాంట్లోకి దుమ్ము చేరుతూ వచ్చింది. మెరిసే భాగం ఒక్కటే ఆ రోజు తెగింది. బరువెక్కువై ఒక్క దెబ్బకు విరిగితే ముఖమంతా ఒకేలా ఉండాలి. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, అమ్మినవాళ్లతో వాదించేటప్పుడు పనికొస్తుంది.

చివరి రోజే విరగడం ఖర్మ కాదు. స్టీలుకు ఒక హద్దు ఉంటుంది, ఒత్తిడి దానికి లోపలుంటే ఎన్ని లక్షలసార్లు ఊగినా దాదాపు ఏమీ కాదు. అల్యూమినియానికి ఆ హద్దు లేదు. చిన్న చిన్న ఊపులు కూడా లెక్కలో పడుతూనే ఉంటాయి, తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒక వంపుకు పుటుక్కుమన్నట్టు. పైగా ఈ క్యారియర్లలో ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియం, వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న చోట 40 శాతం దాకా బలం కోల్పోతుంది. మంచి తయారీదారులు అతికాక మళ్లీ వేడిచేసి ఆ బలం రప్పిస్తారు, లేదా అక్కడ లోహం మందంగా పెడతారు. చవకవాళ్లు పైన నల్లరంగు కొట్టి వదిలేస్తారు. అందుకే ఇంటి చుట్టుపక్కల తొక్కి చూస్తే ఏ లోపమూ తెలీదు. వాపసు గడువు హాయిగా దాటిపోతుంది, అసలు రోడ్డెక్కి చాలా దూరం పోయాక బయటపడుతుంది.

ఆ పూటకి ఎలాగో గట్టెక్కాం. టెంటు మేకును విరిగిన కాలికి కట్టుబద్దలా ఆనించి, పైపు క్లాంపులతో, జిప్ టైలతో బిగించాం. నా సామాను మావాళ్లు పంచుకున్నారు. తిట్టుకుంటూనే అనుకోండి.

ఇక అమ్మినవాళ్ల సంగతి. మొదట మర్యాదగా ఫోటోలడిగారు, పంపాను. "బరువెక్కువ పెట్టారు" అన్నారు. బయల్దేరేముందు బ్యాగులు తూకం వేశాను, రెండూ కలిపి 14 కిలోలు. అది చెబితే "ఇది రోజువారీ వాడకానికి, టూరింగ్‌కి కాదు" అని మాట మార్చారు. వాళ్ల పేజీలోని మొదటి ఫోటోలోనే నాలుగు బ్యాగులు వేలాడదీసిన టూరింగ్ సైకిల్ ఉంది! అన్నిటికన్నా ఒళ్లు మండింది ఎక్కడంటే, రెండ్రోజులాగి చూస్తే పేజీలో 25 కిలోలు పోయి 10 కిలోలు వచ్చింది. అదృష్టం కొద్దీ మాలో ఇంకొకడు కొనాలా వద్దా అని అప్పట్లోనే పేజీని ఫోటో తీసి పెట్టుకున్నాడు. ఇప్పుడు నా చేతిలో ఉన్న గట్టి ఆధారం అదొక్కటే. కాబట్టి ఏది కొన్నా, ఆర్డరు పెట్టిన రోజే సామర్థ్యం రాసిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పేజీ మీద అంకె ఎంత రాసినా నమ్మకండి. సైకిల్ క్యారియర్లకు ఐఎస్‌ఓ 11243 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం గరిష్ఠ బరువు క్యారియర్ మీదే చెరిగిపోకుండా ఉండాలి. నాకొచ్చిన దాని మీద కిలోల అంకె లేదు, తయారీదారు పేరు లేదు, ఏమీ లేదు. పెట్టె విప్పగానే వెతకండి, లేకపోతే గడువులోపే తిప్పి పంపండి. అల్యూమినియం క్యారియర్లన్నీ చెడ్డవని నేననను, ఏళ్లతరబడి మోస్తున్నవి మా జట్టులోనే ఉన్నాయి. కాకపోతే ఊళ్లకు దూరంగా తిరిగేవాళ్లకు నా ఓటు స్టీలుకే. విరిగినా ఏ మామూలు వెల్డింగ్ షాపులోనైనా అతికిస్తారు. అల్యూమినియం అతకాలంటే ఆర్గాన్ గ్యాసుతో చేసే టిగ్ లాంటి వెల్డింగ్ కావాలి, అది దారిలో దొరకడం కష్టం.

ఇలాంటిది ఇప్పటికే బిగించుకుని తిరుగుతున్నవాళ్లు ఈ రాత్రే బ్యాగులు తీసి, నాలుగు కాళ్ల అతుకుల చుట్టూ తడిగుడ్డతో తుడిచి, టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. రంగు మీద సన్నటి గీత కనిపించి, గోరు దానికి తట్టుకుంటే, ఆ క్యారియర్ మీద నీళ్ల సీసా కూడా పెట్టకండి.