మా మామయ్యగారికి నచ్చిన కెనడా: నార్త్ బక్స్‌టన్ మ్యూజియం

నయాగరా చూపిస్తే "బాగుందమ్మా" అని ఊరుకున్న మా మామయ్యగారు ఇక్కడ మాత్రం గైడ్‌ని వదల్లేదు. తెనాలి పక్క పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి. ఒంటారియోలో చాతమ్ దాటాక సోయా, మొక్కజొన్న చేల మధ్య ఉంటుందీ మ్యూజియం. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు 1849 నుంచి నిలబెట్టుకున్న ఊరిది.

మొదలుపెట్టింది విలియం కింగ్ అనే పాస్టర్. పెళ్లితో లూసియానాలో ఆయనకే బానిసలు సంక్రమించారు. 15 మందిని విడిపించి ఇక్కడికి తెచ్చాడు. గైడ్ ఈ సంగతి నాన్చకుండా చెప్పారు, అది నాకు నచ్చింది.

మామయ్యగారిని పట్టేసింది మాత్రం భూమి లెక్క. మొత్తం 9,000 ఎకరాలు. కుటుంబానికి 50 ఎకరాలు, ఎకరం రెండున్నర డాలర్లు, పదేళ్ల వాయిదాలు. అప్పటిదాకా నల్లజాతివాళ్లకి తప్ప వేరేవాళ్లకి అమ్మడానికి లేదు. ఇల్లు కనీసం 24 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, నాలుగు గదులు ఉండాలి. రోడ్డుకి 33 అడుగులు వెనక కట్టాలి, ముందు కంచె వెయ్యాలి, మురుగు కాలువ తవ్వాలి. "చిత్తడి నేలకి కాలువ లేకపోతే గింజ రాదు. నేల తెలిసినవాడే పెట్టుంటాడు ఈ రూలు" అన్నారాయన. ఊరికి ఎల్గిన్ సెటిల్‌మెంట్ అని అప్పటి కెనడా గవర్నర్ జనరల్ పేరు పెట్టారని విని, "అడవి కొట్టింది వీళ్లు, పేరేమో ఆయనదా?" అని గొణిగారు. ఆ ఎల్గినే తర్వాత మన దేశానికి వైస్రాయ్‌గా వచ్చాడు!

1861 నాటి బడి ఇంకా ఉంది. అంతకుముందే కింగ్ పెట్టిన మిషన్ బడిలో లాటిన్, గ్రీకు కూడా చెప్పేవారట. చదువు బాగుందని చుట్టుపక్కల తెల్లవాళ్లు కూడా పిల్లల్ని పంపారు. 1850లో పిట్స్‌బర్గ్ నల్లజాతివాళ్లు పంపిన గంట అసలుది సౌత్ బక్స్‌టన్ చర్చిలో ఉంది, ఇక్కడున్నది నకలు. సంకెళ్ల దగ్గర మా పాప ప్రశ్నలు ఆగలేదు. చిన్నపిల్లలుంటే ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి.

గైడ్ లేకుండా తిరిగితే పాత ఇళ్లు చూసినట్టే ఉంటుంది, ఫోన్ చేసి టూర్ చెప్పుకోండి. ఊరు చిన్నది, భోజనం కట్టుకెళ్లడం మేలు. లేబర్ డే (ఇక్కడ సెప్టెంబర్ మొదటి సోమవారం) వారాంతంలో 1924 నుంచి జరిగే హోమ్‌కమింగ్‌కి అప్పటి కుటుంబాల వారసులు వస్తారు. మాట్లాడాలనుంటే అప్పుడు వెళ్లండి, తీరిగ్గా చూడాలంటే వేరే వారం. డ్రెస్‌డెన్‌లో, బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన జొసయా హెన్సన్ పేరిట ఉన్న మ్యూజియం కూడా దగ్గరే, కానీ పెద్దవాళ్లతో ఒకే రోజు రెండూ పెట్టుకోకండి.