చెరకు తోటల వెనుక పశువుల దొడ్డి: జమైకా ‘పెన్’ల సేవపై సమీక్ష

1655లో స్పెయిన్ నుంచి ఇంగ్లీషువాళ్లు జమైకాను లాక్కునేనాటికి అక్కడి పచ్చిక మైదానాలు పశువులవి. తోళ్లు, కొవ్వు ఓడలెక్కేవి. తర్వాత సారమున్న పల్లపు నేలలు చెరకు కిందికి పోయాయి. మందలు సెయింట్ ఆన్ కొండలకు, సెయింట్ ఎలిజబెత్ మెట్టలకు జరిగాయి. అక్కడ పుట్టిన పశువుల కమతాలే ‘పెన్’లు. వాటి ముఖ్య ఖాతాదారు మళ్లీ చెరకు తోటే.

పెన్‌లు అమ్మే సరుకు ప్రధానంగా కాడికి అలవాటైన ఎడ్లు, కంచర గాడిదలు. నరికిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగాడకపోతే రసం పులుస్తుంది. అందుకే కోతల్లో గానుగ రాత్రీపగలూ తిరగాలి, జతలు మార్చడానికి అదనపు ఎడ్లుండాలి. లెక్క తప్పిన తోటలో ఎడ్లు కూలబడేవి, గడల కుప్పలు పులిసేవి. నీటి గానుగలు, ఆవిరి యంత్రాలు వచ్చినా బండ్లకు ఎడ్లు తప్పలేదు. పెన్‌లు మేత బీళ్లను, బండ్లను కిరాయికిచ్చేవి. పని ఉడిగిన ఎడ్లు మేసి కండపట్టాక కసాయికి వెళ్లేవి.

తోటకు పశువు చేసిన గొప్ప మేలు మాత్రం పేడ. కదిలే కంచెలతో పొలంలోనే మంద కట్టేవారు, మన మెట్టపొలాల్లో గొర్రెల మంద కట్టినట్టే. చెరకు నాటే గోతుల్లో ఎరువు వేసేవారు. ఆ ఎరువు బుట్టలు మోసింది బానిసల తలలు. మేతకు ఆధారం 18వ శతాబ్దం మధ్యకల్లా పాదుకున్న గినీ గడ్డి. చెరకుతో నిండిన చిన్న దీవి బార్బడోస్‌కు ఈ వెసులుబాటు లేదు, పశువుల్ని బయటి నుంచి తెచ్చుకునేది.

బలహీనత చెల్లింపుల్లో ఉంది. చాలామంది తోట యజమానులు ఇంగ్లండులో ఉండేవారు. అక్కడ పంచదార అమ్ముడయ్యాకే పెన్‌లకు పడ్డ అప్పు తీరేది. పైగా స్పానిష్ వలస రాజ్యాల నుంచి చవక పశువులు దిగేవి. వాటిని ఆపమని పెన్ యజమానులు శాసనసభకు అర్జీలు పెట్టారు.

ఇదంతా బానిసల శ్రమ మీదే నడిచింది. చావులు చెరకు తోటలకన్నా పెన్‌లలో తక్కువే, అయినా కొరడా ఉంది, అమ్మకం ఉంది. అందువల్ల ఈ సేవకు నేను మంచి మార్కులు వేయను.

1838లో బానిసత్వం పూర్తిగా పోయింది, 1846 చట్టంతో బ్రిటన్‌లో వలస రాజ్యాల పంచదారకున్న సుంకపు రాయితీకి గండిపడింది. చాలా తోటలు మూతపడ్డాయి. గానుగలు ఆగిన పొలాల్లో కొన్ని మళ్లీ మేత బీళ్లయ్యాయి.