కోవర్కింగ్‌కు తొలి సభ్యులు: ఉచితమా, తగ్గింపా, కంపెనీయా, వారానికి రెండు రోజులా?

భీమవరం నుంచి, అమలాపురం నుంచి, తణుకు నుంచి ఈ మధ్య నాకు వస్తున్న ప్రశ్న ఒకటే. కోవర్కింగ్ కోసం, అంటే వేర్వేరు ఉద్యోగాలవాళ్లు సీటుకింత అని అద్దె కట్టి ఒకేచోట కూర్చుని పనిచేసుకోవడానికి, మేడమీద హాలు సిద్ధమైంది. ఏసీలు బిగించారు, రెండు కంపెనీల ఫైబర్ కనెక్షన్లు తీసుకున్నారు, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉంది. ఇరవై కుర్చీలున్నాయి, కూర్చునేవారే లేరు. మొదటి పదిమందిని రప్పించడానికి ఏది మేలు? నెల రోజులు ఉచితమనాలా, తొలి సభ్యులకు రేటు తగ్గించాలా, చిన్న కంపెనీ ఏదైనా వస్తే సగం సీట్లు ఒకేసారి ఇచ్చేయాలా, లేక వారానికి రెండు రోజులే తెరవాలా? నాలుగోది విని చాలామంది నవ్వుతారు. నాకు నచ్చింది మాత్రం అదే.

ఉచితం సంగతి త్వరగా తేల్చేద్దాం. జనం వస్తారు. ఏసీ కోసం వస్తారు, వైఫై కోసం వస్తారు, ఇంట్లో చుట్టాలు దిగారని వస్తారు. నెల దాటి డబ్బు అడిగిన రోజు వారిలో ఎవరు మిగులుతారో ముందుగా చెప్పలేం. ఒక పూట చూసిపోవడానికి ఉచితం సరే. నెల మాత్రం వద్దు.

తగ్గింపు అంతకంటే నయం, కానీ లెక్క చూసుకోవాలి. సీటు నెలకు 4,000 అనుకుని, తొలి పదిమందికి 'ఎప్పటికీ 2,500' అని మాట ఇచ్చారనుకోండి. నెలకు 15,000, ఏడాదికి 1,80,000 వదులుకున్నట్టు. అసలు చిక్కు అదీ కాదు. మన ఊళ్లలో పదకొండోవాడు మొదటివాడికి బావమరిదో, కాలేజీ స్నేహితుడో అయి ఉంటాడు. 'మా బావకు ఇచ్చిన రేటే నాకూ' అంటే కాదనడం కష్టం. తగ్గించాలనుకుంటే ఆరు నెలల గడువు పెట్టి, కాగితం మీద రాసి ఇవ్వండి. అంతకంటే మంచిది, డబ్బు తగ్గించకుండా కిటికీ పక్క స్థిరమైన సీటు, తాళమున్న అర, మీటింగ్ గదిలో నెలకు కొన్ని గంటలు ఇవ్వడం. సొంత బిల్డింగులో పెట్టేవారికి మరో మాట: కింది దుకాణాల అద్దెలు కూడా అదే పాన్ మీద వస్తుంటే, జీఎస్టీకి ఏడాది రాబడి 20 లక్షలన్న పరిమితిని అన్నీ కలిపి చూస్తారు. అది దాటితే 18 శాతం పడుతుంది. 'అన్నీ కలిపి 2,500' అని చెప్పేసి ఉంటే ఆ పన్ను మీ చేతి నుంచే పోతుంది.

కంపెనీకి ఇవ్వడం వినడానికి బాగుంటుంది. ఎనిమిది సీట్లు, నెలకు 32,000, హాలు అద్దె గడిచిపోతుంది. అయితే ఆ ఎనిమిది మంది ఒకే రోజు వచ్చినట్టే ఒకే రోజు పోతారు కూడా. ఇక్కడికి వచ్చే చిన్న కంపెనీల్లో అమెరికా వేళలకు పనిచేసేవి ఉంటాయి. వాళ్లు సాయంత్రం వచ్చి అర్ధరాత్రి దాటాక వెళతారు. రాత్రి ఏసీ ఖర్చు, వాచ్‌మన్ జీతం మీకు, పగలు చూడవచ్చినవారికి ఖాళీ కుర్చీలు. పగటి కంపెనీ అయితే వాళ్ల ఫోన్లు, వాళ్ల జోకుల మధ్య విడిగా వచ్చిన మనిషికి ఎవరి ఆఫీసులోనో కూర్చున్నట్టుంటుంది. విడి గది ఉంటే ఇవ్వండి. మూడు నెలల అడ్వాన్సు తీసుకోండి, సీట్లలో మూడో వంతు దాటనివ్వకండి.

ఇక నాలుగోది. కోవర్కింగ్ అనే పద్ధతికి నాంది పలికిన బ్రాడ్ న్యూబర్గ్ 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చోటు అద్దెకు తీసుకున్నది వారానికి రెండు రోజులకే, సోమ, మంగళవారాలకు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. తిరిగి కరపత్రాలు పంచితే ఒకరు వచ్చారు. అంత పెద్ద నగరంలోనే అలా ఉంటే, మన ఊళ్లో మొదటి వారం హాలు నిండలేదని బెంగపడనక్కర్లేదు. ఫిలడెల్ఫియాలో ఇండీ హాల్ అనే కోవర్కింగ్ చోటు వాళ్లు 2007లో తలుపులు తీసేనాటికే కాఫీ షాపుల్లో కలుస్తూ మనుషులను పోగుచేసుకున్నారు.

రెండు రోజుల్లోని బలం చిన్న లెక్కలో ఉంది. పదిమంది సభ్యులు వారానికి రెండేసి సార్లు వస్తే ఇరవై హాజర్లు. ఆరు రోజులకు పరిస్తే రోజుకు ముగ్గురు. రెండు రోజులకు కుదిస్తే పదిమంది. ఇరవై కుర్చీల హాల్లో ముగ్గురిని చూసినవాడు 'ఇది నడిచేలా లేదు' అనుకుంటాడు. పదిమందిని చూసినవాడు రేటెంతని అడుగుతాడు.

డెల్టాలో దీన్ని మించిన కారణం ఇంకొకటి ఉంది. 2020 తర్వాత ఇళ్లకు వచ్చి ఇక్కడి నుంచే పనిచేస్తున్నవారిలో ఆడపిల్లలు, కోడళ్లు చాలామంది. వాళ్లు చేరాలంటే ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న రేటు గురించి కాదు. 'నడిపేది ఎవరి అబ్బాయి? అక్కడ ఇంకెవరెవరు కూర్చుంటారు?' దీనికి ఫ్లెక్సీ జవాబు చెప్పదు. అత్తగారో, నాన్నగారో ఒకసారి వచ్చి చూస్తే నలుగురు అమ్మాయిలు, ఒక పన్నుల ప్రాక్టీషనరు, తెలిసిన మాస్టారి కొడుకు కనబడాలి. వారమంతా తెరిచి ఉంచితే ఆ నలుగురూ నాలుగు వేర్వేరు రోజుల్లో వస్తారు, చూసిన రోజున మగపిల్లలే ఉండవచ్చు. తొలి పదిమందిలో ముగ్గురు నలుగురైనా స్త్రీలు ఉండేలా చూసుకోవడం నా దృష్టిలో అన్ని తగ్గింపుల కంటే ముఖ్యం. బుధ, శుక్రవారాలు పెట్టి, రోజుకు ఇంత అని డబ్బు తీసుకోండి. ఉచితం మాత్రం కాదు.

లోపం లేదని కాదు. రెండు రోజులు తెరిచినా అద్దె నెలకంతా కట్టాలి. రోజూ సీటు కావాల్సినవారికి ఇది పనికిరాదు. అలాంటివారు ఇద్దరు ముగ్గురుంటే మిగతా రోజులకు చిన్న గది తాళం ఇవ్వండి. రెండు రోజులూ నిండుగా కనిపించాక మూడో రోజు కలపండి.

ఖాళీ రోజుల్లో గ్రూప్‌-2 అభ్యర్థులకు రీడింగ్ రూమ్‌గా ఇద్దామన్న ఆలోచన అందరికీ వస్తుంది. వెంటనే నిండుతుంది కూడా. కానీ ఆ నిశ్శబ్దంలో క్లయింటుతో ఫోను మాట్లాడలేరు, ఆ రేటుకు అలవాటుపడ్డ ఊరు 4,000 ఇవ్వదు. ఫ్లెక్సీ గుమ్మం దగ్గర ఒకటి చాలు. గూగుల్ మ్యాప్స్‌లో పేరు తప్పనిసరి. కేబుల్ టీవీ స్క్రోలింగ్ దండగ. 2025లో రాజమహేంద్రవరంలో మొదలైన, కొత్త సంస్థలకు చేయూతనిచ్చే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కార్యక్రమాలకు వెళితే పరిచయాలు దొరకవచ్చు, సీట్లు నిండుతాయనుకోవద్దు.

ఏ పద్ధతి పనిచేసిందో చూసుకునేటప్పుడు జనవరిని లెక్కలోంచి తీసేయండి. సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చినవారు ల్యాప్‌టాప్‌తో సహా దిగి, కనుమ అయ్యాక కూడా కొన్నాళ్లు ఇక్కడి నుంచే పనిచేస్తారు. హాలు కిటకిటలాడుతుంది, ఫిబ్రవరిలో వాళ్లుండరు. వాళ్లకు రోజువారీ పాస్ పూర్తి రేటుకే అమ్మండి. ఆ నిండుదనం చూసి ఇంకో పది కుర్చీలకు ఆర్డరు పెట్టకండి.