బెజవాడలో ఒళ్ళు పట్టించుకుంటే ఏ డబ్బుకు ఎంత సుఖం దక్కింది

మెట్ల పూజ మొక్కు మా వదినది. నడుము నొప్పి మాత్రం ఇద్దరికీ వచ్చింది.

ఇంద్రకీలాద్రి మెట్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి ఎక్కాలంటే ప్రతి మెట్టుకూ వంగాలి. పసుపు నేను రాశాను, కుంకుమ ఆవిడ పెట్టింది, సగం దూరం పోయాక గిన్నెలు మార్చుకున్నాం. తెల్లవారుజామున మొదలుపెడితే అమ్మవారి ముందుకు చేరేసరికి ఎండెక్కింది. దర్శనం తృప్తిగా అయింది. దిగేటప్పుడు మా ఆయన మమ్మల్ని మల్లికార్జున మహామండపం లిఫ్టు వైపు నడిపించారు కాబట్టి మోకాళ్ళు మిగిలాయి. ముందురోజే విశాఖ నుంచి రత్నాచల్ రైల్లో ఆరు గంటలు కాళ్ళు వేలాడేసుకుని వచ్చాం. అది చాలదన్నట్టు మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలకు వెళ్ళాం. కొండను తొలిచి నాలుగు అంతస్తులు దించారు. పైకి ఎక్కితే ఆ చీకట్లో అనంతపద్మనాభస్వామి ఐదు మీటర్ల పైచిలుకు పొడవున, ఒకే రాతిలో పడుకుని ఉంటాడు. వదిన ఒక స్తంభానికి చేరబడి కూర్చుండిపోయింది. "స్వామి పాదాలొత్తడానికి లక్ష్మమ్మ ఉంది, మనకెవరున్నారు అమ్మాయ్" అంది.

అలా మొదలైంది మా వెతుకులాట. మూడు రోజుల్లో ముగ్గురం కలిసి నాలుగు రకాలు చూశాం. తీర్థయాత్రల్లో, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళం, ఒళ్ళు నొప్పులకు ఎంతైనా ఇచ్చేసి తరవాత బాధపడతాం. అందుకే అంకెలతో సహా రాస్తున్నాను.

మొదట ఊళ్ళోని ఒక పెద్ద హోటల్లో ఉన్న స్పా. బోర్డు మీద స్వీడిష్, డీప్ టిష్యూ, బాలినీస్, థాయ్ అని వరసగా ఉన్నాయి. అరవై నిమిషాలకు రూ.2,800. తేడా ఏమిటని అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి "అన్నీ రిలాక్సింగే మేడమ్" అంది. ఆ మాటకే నేను లేచి రావాల్సింది. తేడా చాలా ఉంది. స్వీడిష్ అంటే నూనెతో పొడుగ్గా, తేలిగ్గా దువ్వినట్టు రాసేది, అలసటకు బాగుంటుంది. డీప్ టిష్యూలో మోచేత్తో, బొటనవేళ్ళతో నెమ్మదిగా లోతుకు ఒత్తుతారు, పట్టేసిన కండకు అది కావాలి. థాయ్‌కి నూనె ఉండదు. వదులు బట్టల్లో చాప మీద పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ సాగదీస్తారు. స్నానానికి వీల్లేకుండా నేరుగా రైలెక్కాల్సినవాళ్ళకు అదే నయం. నా నడుముకు డీప్ టిష్యూ అడిగాను.

గోడ గడియారం నా కళ్ళ ఎదురుగానే ఉంది. ఫారం నింపడం, వేణ్ణీళ్ళ గంగాళంలో గులాబీ రేకులేసి పాదాలు కడగడం, బట్టలు మార్చుకోవడం అయ్యేసరికి పన్నెండు నిమిషాలు. మధ్యలో ఆ పిల్ల తువ్వాలు మరిచిపోయి బయటికి వెళ్ళి నాలుగు నిమిషాలకు వచ్చింది. చివర స్నానానికి ఆరు నిమిషాలు ముందే లేపేసింది. లెక్క వేస్తే నా ఒంటి మీద చెయ్యి ఉన్నది ముప్పై ఎనిమిది నిమిషాలు. ఐదు శాతం జీఎస్‌టీ కలిపి బిల్లు రూ.2,940. అంటే నిమిషానికి డెబ్బై ఏడు రూపాయలు.

జీఎస్‌టీ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్లు, జిమ్ములు, స్పాల సేవల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మీ బిల్లులో ఇంకా 18 కనిపిస్తే గట్టిగా అడగండి. బోర్డు మీది ధరలో పన్ను కలిసి ఉందో లేదో లోపలికి వెళ్ళకముందే తేల్చుకోండి.

ఆ పిల్లను తప్పుపట్టబుద్ధి కాలేదు నాకు. ఎంతమందికి చేశావమ్మా ఈరోజు అంటే "మీరు ఆరోవారండీ" అంది. ఆరో మనిషికి ఎవరి వేళ్ళలో బలం మిగులుతుంది? నడుము దగ్గర మొదలుపెట్టి భుజాల దాకా అదే ఒత్తిడితో పామేసింది. నొప్పి ఉన్న చోటును చెయ్యి వెతకలేదు. గది చల్లగా, సంగీతం మెత్తగా, నూనె ఘుమఘుమలాడుతూ ఉన్నాయి. ఆ గంట సుఖంగానే గడిచింది. పొద్దున లేచేసరికి నడుము ఎక్కడ పట్టిందో అక్కడే పట్టి ఉంది. వెళ్ళేటప్పుడు "పది సిట్టింగుల ప్యాకేజీ తీసుకోండి, రెండు ఉచితం" అన్నారు. ఊరు కాని ఊళ్ళో మూడు రోజులుండే మనిషికి ప్యాకేజీ ఎందుకండీ?

మర్నాడు సూర్యారావుపేటలో, ఆసుపత్రుల సందడికి కాస్త ఎడంగా, ఒక ఆయుర్వేద వైద్యశాలకు వెళ్ళాం. మేడ మెట్లు ఇరుకు. ఏసీ లేదు, పంఖా ఉంది. ముందు డాక్టరమ్మ కూర్చోబెట్టి బీపీ చూసింది, షుగరుందా, పిక్కల్లో నరాలు ఉబ్బాయా, రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని అడిగింది. టిఫిన్ తిని ఎంతసేపైందని కూడా అడిగింది. మేం పొద్దున్నే గాంధీనగర్‌లోని బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని వచ్చాం. "తిన్నది అరగనివ్వండి, పదకొండుకు రండి" అని పంపించేసింది. గిరాకీని గుమ్మం నుంచి వెనక్కి పంపిన చోట నాకు నమ్మకం కుదిరింది.

వదిన శిరోధార కూడా చేయించుకుందామని ఉబలాటపడింది. నుదుటి మీద ధారగా నూనె పడే బొమ్మ ప్రతి బోర్డు మీదా ఉంటుంది కదా. డాక్టరమ్మ వద్దంది. "అది వరసగా కొన్ని రోజులు చేయిస్తేనే గుణం కనిపిస్తుందమ్మా. ఎల్లుండి ఊరెళ్ళిపోయేవారు ఒక్కరోజుకు పెట్టేది దండగ. అభ్యంగనం చేయించుకోండి, నడుముకు కిళి, అంటే ఆకుల మూట కాపడం పెట్టిస్తాను" అంది. అభ్యంగనం రూ.1,300, చూసినందుకు రూ.200.

చెక్క బల్ల. దాని చుట్టూ అంచు, నూనె కారి ఒక మూలకు చేరడానికి గాడి. ఇద్దరు ఆడవాళ్ళు, చెరో పక్కన. పెద్దావిడ నూనె గిన్నెను వేణ్ణీళ్ళ గిన్నెలో తేలించింది. రెండు చుక్కలు తన మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకుంది, తరవాత నా అరచేతిలో వేసి "సరిపోయిందా అమ్మా" అని అడిగింది. ధన్వంతరం తైలం, నువ్వుల నూనె వాసన పైకి తెలుస్తూ ఉంది. నాలుగు చేతులూ ఒకే లయలో భుజాల నుంచి వేళ్ళ దాకా దిగాయి. నడుముకు ఎడమవైపు, పిర్రకు పైన, ఒకచోట ఆవిడ బొటనవేలు ఆగిపోయింది. నేనేం చెప్పలేదు. "ఇక్కడే కదా" అని అక్కడే మూడు నాలుగు నిమిషాలు గుండ్రంగా తిప్పుతూ ఉండిపోయింది. మొదట కళ్ళ నీళ్ళు తిరిగాయి, ఆ తరవాత ముడి విప్పినట్టు వదిలింది. ఆవిడ చెయ్యి చూశాను. బొటనవేలి కణుపు దగ్గర ఎముక బయటికి పొడుచుకు వచ్చి ఉంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నానంది.

తరవాత గుడ్డలో ఆకులు కట్టిన మూటను నూనెలో వేడిచేసి నడుముకు అద్దారు. మొత్తం యాభై నిమిషాలన్నారు, చేతులు ఒంటి మీద ఉన్నది నలభై ఆరు. సంప్రదింపు కలుపుకుని రూ.1,500. నిమిషానికి ముప్పై మూడు రూపాయలకు లోపే, అదీ ఇద్దరి చేతులకు. నొప్పి మళ్ళీ తలెత్తింది ఇంటికి వచ్చిన నాలుగో రోజున.

ఇద్దరికీ చెరో వంద ఇచ్చాను. బిల్లులో పెద్ద వాటా ఆ చేతులకు చేరదని అందరికీ తెలుసు. టిప్పు ఇవ్వదలిస్తే కౌంటర్లో కాకుండా చేసినవాళ్ళ చేతికే ఇవ్వండి.

ఇక్కడ గది సంగతి కూడా చెప్పాలి. మేం గవర్నర్‌పేటలో రోజుకు రూ.2,100 గది తీసుకున్నాం. అంతకు రెట్టింపు ధరలో ఇంకోటి చూశాం, పైన షవర్ తప్ప బకెట్టూ చెంబూ లేవు. ఒళ్ళంతా నూనె పట్టించుకుని వచ్చి సబ్బుతో షవర్ కింద నిలబడితే ఆ జిడ్డు ఎక్కడికి పోతుంది? నేను ఇంటి నుంచి డబ్బాలో సున్నిపిండి తీసుకెళ్ళాను. గీజర్ నీళ్ళు రెండు బకెట్లు, పిండితో ఒళ్ళు రుద్దుకున్న ఆ స్నానంతోగానీ మర్దన పూర్తి కాదు. గది తీసుకునేటప్పుడు లిఫ్టు, బకెట్టు, పగలంతా వేణ్ణీళ్ళు ఉన్నాయా అని చూసుకోండి. పాత తువ్వాలు ఒకటి సొంతంగా ఉంచుకుంటే దుప్పటి మరకలకు హోటలువాళ్ళు డబ్బు అడిగే గొడవ ఉండదు.

మా ఆయన స్పా అన్నా వైద్యశాల అన్నా రానన్నారు. దారిలో ఒక నల్లద్దాల తలుపు దగ్గర రూ.999కి ఫుల్ బాడీ అన్న కార్డు చేతిలో పెట్టారు. మగవాళ్ళకు ఎవరు చేస్తారని ఆయన అడిగితే సూటిగా జవాబు రాలేదు. మర్యాదైన చోట మగవాళ్ళకు మగవాళ్ళు, ఆడవాళ్ళకు ఆడవాళ్ళు అని అడగకముందే చెబుతారు. కార్డు అక్కడే ఇచ్చేసి, గాంధీనగర్‌లో ఒక మంగలి షాపులో తల మర్దన చేయించుకున్నారు. ఇరవై నిమిషాలకు రూ.200. కొబ్బరినూనె, తల, మెడ, భుజాలు, చెవుల వెనకాల. మెడ పుటుక్కుమనిపించబోతే వద్దన్నారు. మెడ ఒక్కసారిగా తిప్పితే మెదడుకు వెళ్ళే రక్తనాళం చీరే ప్రమాదం ఉంది. ఎంత చెయ్యి తిరిగినవాడైనా సరే, మెడ మాత్రం తిప్పనివ్వకండి.

మూడో రోజు కొండపల్లి కోట ఎక్కి, బొమ్మల కాలనీలో తెల్లపొణికి చెక్క చెక్కడం చూసి వచ్చి, ఒక షాపింగ్ మాల్‌లో నీరసంగా కూలబడ్డాం. అక్కడ కాళ్ళు నొక్కే మిషను కుర్చీలున్నాయి. పది నిమిషాలకు వంద. మంగలి దగ్గరా నిమిషానికి పదే, ఇక్కడా పదే. కానీ అతను వేలితో తడిమి ఎక్కడ బిగుసుకుందో అక్కడ ఆగాడు. ఇది వదిన పిక్కనూ నా పిక్కనూ ఒకేలా బిగించింది. వదిన సగంలోనే కాళ్ళు లాగేసుకుంది. అందుకని నిమిషం ధర ఒక్కటే చూసుకుంటే మోసపోతాం. ఎన్ని గంటల పాటు నొప్పి తగ్గి ఉంది అన్నది దాని పక్కన పెట్టుకోవాలి.

ఒక మాట జాగ్రత్త కోసం. గంటల తరబడి బస్సులోనో రైల్లోనో కూర్చుని వచ్చాక ఒక్క కాలి పిక్కే వాచి, ఎర్రబడి, వెచ్చగా ఉంటే ఎవరి చేతా ఒత్తించుకోకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. జ్వరం ఉన్నప్పుడు కూడా మర్దన వద్దు.

వెళ్ళేముందు ఫోన్ చేసి నేను ఇప్పుడు నాలుగే అడుగుతున్నాను. చేతులు ఒంటి మీద ఉండేది ఎన్ని నిమిషాలు, ఏ నూనె, ఎవరు చేస్తారు, పన్నుతో కలిపి ఎంత. నూనె పేరు చెప్పలేని చోటికి వెళ్ళడం మానేశాను. సాయంత్రాలు మాని పొద్దున మొదటి సమయం అడుగుతున్నాను, ఆ చేతులు అలిసిపోకముందు.

చివరి రాత్రి వదినకు మళ్ళీ పాదాలు మంటలెత్తాయి. వైద్యశాలలో కొన్న చిన్న సీసా ఉంది. తలకూ, చెవులకూ, పాదాలకూ ప్రత్యేకంగా నూనె పెట్టమని పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు చెప్పాడని డాక్టరమ్మ అంది కదా అని, మంచం అంచున కూర్చుని ఆవిడ పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాను. మడమల పగుళ్ళలో మెట్ల పూజ పసుపు రెండు రోజుల తరవాత కూడా కనిపిస్తూనే ఉంది. వద్దు వద్దంటూనే కళ్ళు మూసుకుంది. అరికాలి మధ్యన బొటనవేలితో గుండ్రంగా, ఆ పెద్దావిడ చేసినట్టే చేశాను.

తెల్లారి రత్నాచల్ ఎక్కాం. వదిన ఏలూరు రాకముందే నిద్రపోయింది. అనకాపల్లిలో లేపాను.